విజ్ఞానసర్వస్వములో చోటు

మా వీథిలో నాలుగిండ్ల కావల కాపురమున్న యొక చిన్నది పోయిన వేసవిలో నొకనాటి సాయంకాలము మా యింటికి వచ్చి, చేతిలోని ఫోనును మా కందిచ్చి, "బాబాయిగారూ, నేనేం తప్పు చేశానని నా పేరు తీసెయ్యాలని బోర్డు కట్టారు?" అని యడిగెను. ఆమె భర్త యొక దుకాణములో లెక్కలు వ్రాయును. ఇద్దఱు పిల్లలు. మధ్యాహ్నము వంటపని ముగిసిన పిదప కుట్టుమిషను ముందు ఫోనును నిలిపి, రవికలు కత్తిరించి కుట్టు విధమును వీడియోలుగా తీసి యూట్యూబునం దుంచుట యామె వాడుక. క్రాసు కటింగు చేయుట యెట్లు, చంక గుండ్రము తప్పకుండ కొలుచుట యెట్లు, గుడ్డ చాలనప్పుడు చేతులకు అతుకు కానరాకుండ వేయుట యెట్లు, ఇట్టి సంగతులను సొంత చెల్లెలికి చెప్పునట్లు చెప్పును. రెండులక్షలకు మించిన జనులామె వీడియోలకు చందాదారులుగా నున్నారు. ఆమెను జూచి నేర్చుకొని, మిషను కొనుక్కొని, నాలుగు డబ్బులు సంపాదించుకొనుచున్నామని వ్రాయు స్త్రీల మాటలు ప్రతిదినము నా వీడియోల క్రింద కానవచ్చుచుండును.

ఆ చూచువారిలో నెవరో యభిమాని యొకడు అంతర్జాలమునందలి యొక విజ్ఞానసర్వస్వములో నామె వీడియోలకు బెట్టుకొన్న పేరిట నొక పుట తెఱచెను. ఆమె సంతోషించి యత్తవారికిని పుట్టింటివారికిని చూపుకొనెను. పదిదినములు తిరుగకముందే యా పుట నెత్తిన నొక పలక వ్రేలాడెను. ఈ వ్యక్తికి తగిన ప్రాముఖ్యము కలదని తోపదు గావున నీ పుటను తొలగింపవలెనని ప్రతిపాదింపబడినదనియు, అభిప్రాయములు తెలుపవలసినదనియు దాని సారాంశము. వచ్చిన యభిప్రాయములలో నొకదానిని ఆ చిన్నది మాకు బిగ్గఱగా చదివి వినిపించెను. "తొలగింపవచ్చును. రవికలు కుట్టువారి కందఱకు పుటలిచ్చుచు బోయినచో నిది విజ్ఞానసర్వస్వము గాక దర్జీల పట్టిక యగును." చదివి, "ఇది రాసినాయన ఎవరో గాని, నిన్న రాత్రి నాకు అన్నం సయించలేదు బాబాయిగారూ" అనెను.

ఆ వాక్యమును వ్రాసినది మేమే.

మే మక్కడ మాఱుపేరుతో వ్రాయుదుము గావున నామె యెఱుగదు. ఆ పుట యామెదని మేమును ఎఱుగము. ఆనాటి ప్రొద్దున నట్టి పుటలు ఏడెనిమిదింటిని వరుసగా చూచి, ఒక్కొక్కదాని క్రింద నొక్కొక్క వాక్యము గిలికి, లేచి స్నానమునకు బోయితిమి. సాయంకాలము నిజము చెప్పుటకు మాకు నోరాడలేదు. విచారించి చెప్పెదమని యామెను పంపివేసితిమి. ఆ రాత్రి మొదలు మమ్ము వదలని ప్రశ్నయే యీ వ్యాసమునకు కారణము. మా తీర్పు తప్పా? తీర్పు సరియైనదే యైనచో మా మాట తప్పా? ఇవి రెండును వేఱువేఱు ప్రశ్నలని తెలిసికొనుటకే మాకు కొన్నిదినములు పట్టినది.

ముందుగా నా పనియొక్క తీరు చెప్పవలెను. అంతర్జాల విజ్ఞానసర్వస్వములలో నెల్ల పెద్దదియగు వికీపీడియా 2001 జనవరి 15వ తేదీన ఆంగ్లమున మొదలైనది. 2003 డిసెంబరులో తెలుగునకును ఒక వికీపీడియా యేర్పడెను. అందు ఎవ్వరైనను వ్రాయవచ్చును, ఎవ్వరు వ్రాసినదానినైనను దిద్దవచ్చును. చిన్నవ్యాసమును తెలుగువా రక్కడ 'మొలక' యందురు. అందఱును గూడి మాటాడుకొను తావును 'రచ్చబండ' యందురు. ఈ పేర్లు పెట్టినవా రెవ్వరో గాని మన యూళ్ల తీరు తెలిసినవారు. ఒక మనుష్యుని పేరిట పుట యుండవచ్చునా యనుటకు వారు 'విషయ ప్రాముఖ్యత' యను కొలత నొకదానిని పెట్టుకొనిరి. ఆ మనుష్యునితో సంబంధము లేనివారు, నమ్మదగిన పత్రికలయందో గ్రంథములయందో, పేరు తలచి విడుచుట గాక కొంత విపులముగా నతనిని గుఱించి వ్రాసియుండవలెననుట దాని సారము. తొలగింపవలెనా యను చర్చ ఆంగ్లమున సాధారణముగా నేడు దినములు సాగును. చేతులెత్తించి లెక్కపెట్టుట కాదు. ఎవరు చెప్పిన హేతువు నియమమునకు నిలిచినదని చూచుట.

చదువరులు గమనింపవలసిన దేమనగా, ఈ కొలత మనుష్యుని గొప్పతనమును కొలుచునది కాదు. ఇతడు యోగ్యుడా యని యెవరును అడుగరు. ఇతనిని గుఱించి చెప్పగల తటస్థుడైన సాక్షి యెవడని యడుగుదురు. ఊరంతటిని ఆకలిలో నాదుకొన్న యిల్లాలికి పుట లేకపోవచ్చును. బ్యాంకును ముంచి పరదేశమునకు పాఱిపోయినవానికి పుట యుండును. దీనిని జూచి కోపగించువారు పుటను పూలదండ యనుకొనుచున్నారు. అది దండ కాదని మేమెన్నియో మాఱులు రచ్చబండపై వాదించితిమి. అయినను లోకము దానిని దండగానే చూచుచున్నదని యొప్పుకొనక తప్పదు. ఎవరి పేరు వెదకినను మొదట తగులునది యా పుటయే. పుట కలవాడు ఉన్నవాడు, లేనివాడు లేనివాడు. ఇట్టి లోకములో 'నీకు సాక్షి లేడు' అను మాటకును 'నీకు విలువ లేదు' అను మాటకును భేదము చెవిని బడునా?

పూర్వము విజ్ఞానసర్వస్వములు కూర్చినవారికి ఈ చిక్కు మఱియొక రూపమున నుండెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞానసర్వస్వము మూడు సంపుటములు ముగియునప్పటికి అకారమును దాటలేదు. 1923లో నాయన గతించిరి. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దానిని తిరిగి చేపట్టిరి. కాగితమునకు సొమ్ము, అచ్చునకు సొమ్ము, వ్రాయువారికి తీఱిక, అన్నియు కఱవే. అట్టిచోట ఎవరిని చేర్తుము, ఎవరిని విడుతుమన్న ప్రశ్నకు సగము జవాబు పేదఱికమే చెప్పెడిది. విడువబడినవాడు దానిని అవమాన మనుకొన నక్కఱలేదు. నేడు కాగితము లేదు, అచ్చు లేదు. మా యింటికి వచ్చిన చిన్నది యడిగిన రెండవ ప్రశ్న యిదియే: "కాయితం ఖర్చు లేదు గదా బాబాయిగారూ, అందఱివీ ఉంచితే వాళ్లకేం పోయింది?"

చులకనగా త్రోసివేయదగిన ప్రశ్న కాదిది. చోటున కంతు లేదు. కాపలాకు అంతు కలదు. ఎవడైన వ్రాయగల పుటను ఎవడో యొకడు కనిపెట్టియుండవలెను. లేనిచో నేమగునో 2005లో లోకమునకు తెలిసినది. అమెరికాలో జాన్ సీగెంథాలర్ అను పేరుగాంచిన పత్రికారచయిత యుండెను. ఆయన పుటలో నెవడో పరిహాసమునకని, కెన్నెడీ సోదరుల హత్యలయం దాయనకు ప్రమేయ మున్నదని యనుమానించిరను నబద్ధమును వ్రాసెను. నాలుగు నెలలకు పైగా నది యట్లే యుండెను. చదివినవా రెందఱో, నమ్మినవా రెందఱో! ఆయన స్వయముగా పత్రిక కెక్కి మొఱపెట్టుకొన్న పిదపనే, ఖాతా తెఱువనివారు ఆంగ్లమున క్రొత్తపుటలు సృష్టింపరాదని కట్టడి వచ్చినది; బ్రదికియున్నవారి చరిత్రల విషయమున కఠిననియమములు పుట్టినవి. ఆయన లోకమెఱిగినవాడు, పలుకుబడి కలవాడు, కలము పట్టినవాడు. తన పేరు తానే కాపాడుకొనగలిగెను.

అట్లు కాపాడుకొనలేని వాని కథ యింకొకటి కలదు. కెనడాలో నొక పాఠశాల బాలుడు 2002లో, ఎవరును లేనప్పుడు, చలనచిత్రములోని వీరుని వలె నొక కఱ్ఱను త్రిప్పుచు తన్ను తాను చిత్రము తీసికొనెను. ఏ పిల్లవాడు చేయని పని యది? మఱుసటి యేడు తోటిపిల్లలు దానిని వాని యనుమతి లేక యంతర్జాలమున బెట్టిరి. కోట్లకొలది జనులు చూచి నవ్విరి. బాలుడు బడి మానవలసివచ్చినది. తలిదండ్రులు న్యాయస్థానమునకు బోవలసివచ్చినది. అతడును అంతర్జాల ప్రసిద్ధుడే కదా! పత్రికలు వ్రాసినవి, సాక్ష్యము పుష్కలముగా నున్నది. అయినను వికీపీడియావారు ఆ వీడియోను గుఱించి పుట వ్రాసికొని, బాలుని పేరు చేర్పవలెనా యని దీర్ఘకాలము తర్కించి, చాలకాలము పేరు లేకయే యుంచిరి. ఒక్క సంఘటనచేత మాత్రమే తెలియవచ్చినవానికి జీవితచరిత్ర వ్రాయక సంఘటనను గుఱించియే వ్రాయవలెనన్న నియమము నేడు వారికి కలదు. వ్రాయకుండుట కూడ నొక్కొక్కప్పుడు దయ యగునని మా కప్పుడు తోచినది.

అంతదూరము పోనేల? ఆ చిన్నదాని పుటను మేమింకొకమాఱు తెఱచి, ఈమాఱు మొదటినుండి చదివితిమి. అభిమాని వ్రాసినది నాలుగు పంక్తులు. అటుపిమ్మట వేఱెవరో వచ్చి యామె కులము చేర్చిరి. మఱియొకరు భర్త జీతము చేర్చిరి. ఇంకొకరు నెలకు యూట్యూబువలన నామెకు లక్షలు వచ్చునని యూహించి, యూహ యని చెప్పక, సత్యమువలె వ్రాసిరి. ఒక్కదానికైన ఆధారము లేదు. మన తెలుగువారికి పేరు వినబడగానే కులము వెదకు జబ్బు కలదు. ఇది యెవరిని గుఱించి చెప్పుచున్నామో వారికే తెలియును గావున నింతటితో విడిచెదము. రవిక కుట్టుట నేర్పు స్త్రీకి లోకమిచ్చిన గౌరవపు పుటలో రవికను గుఱించి రెండే వాక్యములు మిగిలెను. తక్కినదెల్ల పొరుగింటి గోడకు చెవి యానించి విన్న కబుర్లు. సాక్షులు లేని పుట యిట్లే నిండును. దానిని తొలగింపవలెనన్న మా తీర్పు తప్పు కాదని యానాడు మాకు నిశ్చయమైనది.

రెండులక్షల మంది చూచుట సాక్ష్యము కాదా యని యడుగువారు కలరు. చూచుట ఒకటి, చెప్పుట యింకొకటి. సంతలో గుమిగూడిన జనము సంత జరిగినదనుటకు సాక్ష్యమగును గాని గారడీవాని పుట్టుపూర్వములకు సాక్ష్యము గాదు. పైగా నా లెక్కలు కొనదొరకునవి. వేయిమంది చందాదారులకు వెల యింతయని యమ్మెడివారు కలరు. ఆ ప్రసిద్ధి నిలిచియున్న నేలయు పరుల సొత్తు. 2020 జూను 29వ తేదీన మన ప్రభుత్వము టిక్‌టాకు మొదలగు 59 యాప్‌లను నిషేధించినప్పుడు, నిన్నటివఱకు లక్షలమంది గుర్తుపట్టిన మొగములు ఒక్క దినములో కానరాకపోయినవి. అందు పొలములో నాడిన రైతులు కలరు, గిన్నెలు తోముచు పాడిన యిల్లాండ్రు కలరు. వారేమైరో చెప్పు పుస్తకము లేదు.

ఇంతవఱకు మా తీర్పును సమర్థించుకొన్నాము. ఇక మా మాట. 'రవికలు కుట్టువారు' అని వ్రాయునప్పుడు మా మనసులో నుండినది ఆధారములు లేవన్న యాలోచన కాదు. ఫోను ముందు కూర్చుండి మాటాడువారు కూడ చరిత్ర కెక్కుదురా యన్న చులకన. ఈ చులకన క్రొత్తది గాదు. నవల పుట్టినప్పుడు పండితులు దానిని చులకన చేసిరి. నాటకములాడు వారిని గౌరవముగల యిండ్లలోనికి రానీయకుండిరి. మాటాడు సినిమా వచ్చినప్పుడు పెద్దలు ముక్కు విఱిచిరి. ఫలితమేమి? మన మొట్టమొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1931 సెప్టెంబరు 15న విడుదలయైనదని యెన్నో యేండ్లు వేడుకలు చేసికొంటిమి. తరువాత రెంటాల జయదేవగారు పాతపత్రికలను తిరుగవేసి, అది 1932 ఫిబ్రవరి 6న గాని వెలువడలేదని తేల్చిరి. జాతి పుట్టినరోజు పండుగగా జరుపుకొన్న తేదీయే తప్పు! చూచినవా రెందఱో బ్రదికియుండగనే తేదీ మఱుగుపడెను. ఇది గ్రంథస్థము చేయదగిన సంగతియని యానాటివారు తలపకపోవుటయే దానికి కారణమని మా యభిప్రాయము.

యూట్యూబుననే పేరుగాంచి, ఏ కొలతకైనను నిలుచువారును మనవారిలోనే యుండిరి. గుంటూరు జిల్లాలో తెనాలి వైపున నున్న గుడివాడ గ్రామపు మస్తానమ్మ యను వృద్ధురాలు కట్టెలపొయ్యిమీద వండు వంటలను మునిమనుమడు 2016 మొదలు చిత్రములు తీసి లోకమునకు చూపెను. ఆమె పుచ్చకాయ తొలిచి యందు కోడికూర వండిన విధము దేశదేశములవారు చూచిరి. 2018 డిసెంబరులో నామె గతించినప్పుడు విదేశపత్రికలు సైతము సంతాపము ప్రకటించినవి. అంతకుముందును ఆమెను గుఱించి పత్రికలు వ్రాసియుండెను. తెలంగాణమున నారాయణరెడ్డి యను తాత 2017 మొదలు పెద్దపెద్ద కళాయిలలో వండి యనాథబాలురకు పంచిపెట్టుచు, ఆ వంటలను లక్షలమందికి చూపి, 2019 అక్టోబరు 27న డెబ్బదిమూడవ యేట మరణించెను. వీరికి పుట లుండుట న్యాయము. వండినది యూట్యూబున కొఱకని యెవడు కాదనగలడు?

మస్తానమ్మ విషయమున మఱియొక మాట చెప్పవలసియున్నది. ఆమెకు నూటయేడేండ్లని ప్రసిద్ధి. ఆ ప్రసిద్ధిలో సగము ఆ వయస్సుచేతనే వచ్చినది. కాని యా కాలమున పల్లెలో పుట్టిన యాడుబిడ్డ జననమును వ్రాసిపెట్టిన వారెవరు? కావున విజ్ఞానసర్వస్వము 'నూటయేడేండ్లు' అని వ్రాయక 'నూటయేడేండ్లని చెప్పిరి' అని వ్రాయవలెను. అభిమానులకిది గిట్టదు; అవ్వ మాట నమ్మరా యని కోపింతురు. మాకైతే ఆ 'అని చెప్పిరి' యను రెండు మాటలలోనే ప్రకటనకును విజ్ఞానసర్వస్వమునకును గల భేదమంతయు నున్నదని తోచును. కందుకూరి వీరేశలింగము పంతులుగారు కవుల చరిత్రము వ్రాయునపుడు కట్టుకథలను విడిచి శాసనములను, గ్రంథములలోని సాక్ష్యములను వెదకినప్పుడు కూడ, మా కవి నిట్లు తగ్గించితివేమని తగవులాడినవారు లేకపోలేదు.

అయితే పత్రికలే సాక్షులైనప్పుడు, పత్రికల కండ్లకు మసక యుండిన నేమి గతి? ఇది మా కెదురైన కష్టములలో నెల్ల పెద్దది. 2018లో కెనడాదేశపు శాస్త్రజ్ఞురాలు డోనా స్ట్రిక్‌లాండ్ గారిని గుఱించి యెవరో పుట వ్రాసి పంపగా, తగిన ఆధారములు చూపలేదని మే నెలలో నాంగ్ల వికీపీడియాలో త్రోసివేసిరి. అదే సంవత్సరము అక్టోబరు 2న నామెకు భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము ప్రకటింపబడెను. 1903లో మేరీ క్యూరీ, 1963లో మరియా గెప్పర్ట్ మాయర్, వారి తరువాత నా శాస్త్రమున బహుమానమందిన మూడవ స్త్రీ యీమెయే. ఆమెతో కలిసి పరిశోధించి బహుమానమును పంచుకొన్న పురుషునికి పుట ముందే కలదు. త్రోసివేసినవాడు నియమము తప్పలేదు. కాగితము చూచి కాగితములో లేనిదానిని లేదనెను. లోపము కాగితములో నున్నది. స్త్రీలు చేసినపనిని వ్రాసిపెట్టు నలవాటు లోకమునకు తక్కువ. ఆ తక్కువతనము సర్వస్వములోనికి మెట్టుమెట్టుగా దిగివచ్చును.

మన దేశమున నీ లోపమును మొదట కనిపెట్టి పూనుకొని పనిచేసినవారిలో భండారు అచ్చమాంబగారి పేరు చెప్పవలెను. ఈమె కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి యక్క. తమ్ముడు చదువుచుండగా తానును చదువు నేర్చినది. స్త్రీలు బుద్ధిహీనులు, చేతకానివారు అను మాటకు మాటతో గాక చరిత్రలతో జవాబు చెప్పదలచి, స్త్రీల జీవితములను వెదకి కూర్చి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' యను పేర నిరువదవ శతాబ్దపు మొదటి యేండ్లలో ప్రకటించెను. 1905లో చిన్నవయస్సుననే గతించెను. అక్క వ్రాయబడనివారిని వెదకి వ్రాసెను. తమ్ముడు తెలిసిన సమస్తమును క్రమపఱుప బూనెను. మేము తఱచు తమ్ముని పేరు చెప్పుకొందుము. తెలుగు వికీపీడియాలో పాటుపడినవారి కిచ్చు పురస్కారము కూడ నాయన పేరనే యున్నది. అది తగినదే. అక్కగారి పని యందుకు ముందుగా జరుగవలసిన పనియని యిప్పుడిప్పుడు తెలియుచున్నది.

పుటను పూలదండ యనుకొనుటవలన కలుగు మఱియొక కీడు మా చిన్నదాని యింటికే వచ్చినది. పలక వ్రేలాడిన మఱునా డామెకొక జాబు వచ్చెను. పదివేల రూపాయలు పంపినచో పుటను నిలుపగలమనియు, పత్రికలలో నామెను గుఱించి వ్రాయించు బాధ్యత కూడ తమదేననియు అందు వ్రాసియుండెను. ఇట్టి వ్యాపారము క్రొత్తది కాదు. 2015 ఆగస్టులో నాంగ్ల వికీపీడియావారు ఒక ముఠాను పట్టుకొని 381 ఖాతాలను మూసిరి. రెండువందలకు పైగా వ్యాసములను తీసివేసిరి. త్రోసివేయబడిన పుటలవారిని వెదకి పట్టుకొని, సొమ్మిచ్చిన నిలుపుదుమని బెదరించుట వారి వృత్తి. ఆ చిన్నది గొలుసు కుదువబెట్టి సొమ్ము తెచ్చుటకు నిశ్చయించుకొని, ఎందుకైన మంచిదని మమ్మడుగ వచ్చెను. ఆ గొలుసును బజారునకు నడిపించినది ఆ ముఠావాడు మాత్రమే కాదు. రాత్రి యన్నము సయింపకుండ జేసిన వాక్యమునకును అందు పాలు కలదు. 'ఆధారములు కనబడలేదు' అని మేము వ్రాసియుండిన నామె యంతగా నొచ్చుకొనియుండదు. దర్జీల పట్టిక యని వ్రాసితిమి.

అప్పుడు చెప్పితిమి. అమ్మాయీ, ఆ వాక్యము నాదేనని, పుట నీదని తెలియక వ్రాసితినని, తెలియకపోవుట నేరమును తగ్గింపదని చెప్పితిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. మా యింటిలోనివారు కాఫీ తెచ్చి యక్కడ బెట్టినారు, అది చల్లారినది. తరువాత, "పోనీలెండి బాబాయిగారూ. మీరు రాసిన మాటలో అబద్ధం లేదు. నేను దర్జీనే. దర్జీల పట్టిక ఉంటే మాత్రం తప్పేమిటి?" అనెను. మే మూరకుంటిమి. పత్రికలవారు వ్రాసినచో పుట నిలుచునని చెప్పి, మస్తానమ్మగారి సంగతి చెప్పగా, "అయితే నాకూ నూఱేళ్లు రావాలా?" అని నవ్వెను. గొలుసు మెడలోనే యున్నది. ఆ జాబునకు బదులు వ్రాయలేదు.

మా వాక్యమును మేము కొట్టివేసి, దాని ప్రక్కన, 'ఎగతాళిగా వ్రాసినందుకు చింతించుచున్నాము. స్వతంత్రమైన ఆధారములు దొరకనందున తొలగింపవచ్చునను నభిప్రాయము మాత్రము మాఱలేదు' అని వ్రాసితిమి. నియమము ప్రకారము పుట తీసివేయబడెను. కులము, భర్త జీతము, ఊహించిన లక్షలు, అన్నియు దానితో గూడ బోయినవి. ఆమె బాధపడెనో, ఊపిరి పీల్చుకొనెనో మే మడుగలేదు.

అటుపిమ్మట మాకొక సంగతి తోచి, 'రవిక' యను పుట యెట్లున్నదో చూచితిమి. చాల పేదగా నున్నది. దానిని పెంచుదమని యామెను పిలిచి కూర్చుండబెట్టి యడుగగా, ఒక గంటసేపు చెప్పెను. మునుపటి రవికకును నేటి రవికకును కత్తిరింపులో భేదము, ముడి రవిక యేల పోయినది, క్రాసు కటింగుచేత గుడ్డ యొంటికి పట్టియుండుట యెట్లు, చంటిపిల్లల తల్లులకు ఎట్లు కుట్టవలెను, అన్నియు చెప్పెను. మేము కాగితముమీద వ్రాసికొంటిమి. వ్రాసినదానికి ఆధారములు వెదకుటకు మా యింటి పుస్తకములు, గ్రంథాలయములోని పుస్తకములు తిరుగవేసితిమి. కవులు రవికను వర్ణించిన తావులు కుప్పలుగా దొరకినవి. కుట్టువిధమును చెప్పు పుస్తకములు రెండు దొరకినవి. ఆమె చెప్పినదానిలో నాలుగవ వంతునకు అవి యాధారమైనవి. నూలుగుడ్డను కత్తిరింపక మునుపు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి యారవేయవలెను, లేనిచో మొదటి యుతుకులోనే రవిక బిగిసిపోవునని యామె చెప్పిన మాటకు ఏ పుస్తకమునందును సాక్ష్యము కనబడలేదు. మా యింట ముగ్గురు స్త్రీలు అది నిజమనిరి. ఆ వాక్యమును చేర్చి, దాని ప్రక్కన 'ఆధారం చూపాలి' అను గుర్తు మేమే పెట్టి వచ్చితిమి. అది నేటికిని అక్కడనే యున్నది.